పోయిన చోట

మా తమ్ముడు ఒగూటుకి
మంచు కురిసే ఊళ్ళ పేర్లన్నీ నోటికొచ్చు.
ఎన్నడూ చూడని దేశంలో, రెండో శ్రేణి జట్టులో
గోల్‌కీపర్ మోకాలు వాచిన సంగతి తెలుసు.
కూతురు అకేయోకి పాలపన్ను ఊడిందని మాత్రం
నాలుగో రోజున నేను చెబితే తెలిసింది.

కిసుములో మాకు మంచు లేదు.
సరస్సుంది. దాన్ని మింగుతూ గుర్రపుడెక్క ఉంది.
పాత వల మీద పరిచి ఎండబెట్టే ఒమేనా చేపలున్నాయి,
వేలిగోరంత, వెండి రంగువి.
వాటినెవరూ లెక్కపెట్టరు, డబ్బాతో కొలుస్తారు.

మొదట్లో గెలిచాడు. అదే వచ్చిన చిక్కు.
యాభై షిల్లింగులు కాస్తే మూడువేల రెండొందలు.
నాకు బొగ్గుల బస్తా, పిల్లకి బూట్లు,
తనకో ఎర్ర హెల్మెట్.
ఆ వారమంతా బైకు నేలమీద నడపలేదు వాడు.
నాకూ సంతోషమేసింది, దాచడమెందుకు?
"ఈ శనివారం ఏ జట్టు?" అని అడిగింది నేనే.

తర్వాత ఒకసారి పదమూడు ఆటల్లో పన్నెండు నిజమయ్యాయి.
పదమూడోది ఆఖరి నిమిషంలో పోయింది.
ఆ చీటీ ఫోనులో దాచుకుని
బైకు స్టాండులో అందరికీ చూపించాడు,
ఓడినవాడిలా కాదు,
ఇంటి గుమ్మం దాకా వచ్చి తాళంచెవి మరిచినవాడిలా.

పోయిన చోటే వెతుక్కోవాలంటారు.
చెవిపోగు పోతే నేనూ ఇసుకంతా జల్లించాను,
దొరికింది.
వాడు వెతికే చోటుకి అడుగు లేదు.
బొగ్గుల డబ్బు, నా చిట్టీ డబ్బు,
ఆపైన ఫోనే అప్పిచ్చింది, ఫోనే పుచ్చుకుంది,
అంతా ఒక్క బొటనవేలితో.
చివరికి బైకు.
ఎర్ర హెల్మెట్ మాత్రం మేకుకి వేలాడుతోంది.

ఫేస్‌బుక్కులో నకూరు కుర్రాడెవడో
కొత్త కారుకి ఆనుకుని నవ్వుతాడు.
ఓడినవాళ్ళు ఫోటోలు దిగరు.
రాత్రి రెండింటికి దోమతెరలో నీలం వెలుతురు,
అందులో మా వాడి మొహం
నీళ్ళడుగు నుంచి చూస్తున్నట్టు.
అన్నం ముందు కూర్చుంటే చెయ్యి కదలదు.
ఎవరైనా నవ్విస్తే అందరూ నవ్వడం అయ్యాక నవ్వుతాడు.

ఒకనాటి చీకట్లో వెతుక్కుంటూ వెళ్ళాను.
సరస్సు ఒడ్డున రాళ్ళ మీద ఉన్నాడు.
చెప్పులు జతగా, మడమలు కలిపి, పక్కన పెట్టి ఉన్నాయి.
పుట్టాక ఎన్నడూ చెప్పులు జతగా విడిచిన మనిషి కాడు.
నా కాళ్ళలో బలం పోయింది.
ఎంత పోయిందని అడగలేదు.
"చలేస్తోందా?" అన్నాను.
అప్పుడు ఏడ్చాడు,
చిన్నప్పుడు కందిరీగ కుట్టినట్టే, నోరంతా తెరిచి.

పెద్దాసుపత్రిలో నర్సు అపియో
చాలాసేపు నిద్ర గురించే అడిగింది.
ఈ జబ్బుతో వచ్చేవాళ్ళు వారానికి ఇద్దరు ముగ్గురుంటారట,
వాడి వయసు వాళ్ళే.
ప్రతి గురువారం రమ్మంది.
మూడు గురువారాలు వెళ్ళాడు. ఒకటి ఎగ్గొట్టాడు.
మళ్ళీ వెళ్ళాడు.

ఇప్పుడు వాడి చేతిలో బటన్ల ఫోను.
దానికీ వస్తుంది అర్ధరాత్రి మెసేజ్:
"ఒగూటూ, నువ్వు లేక బోసిగా ఉంది!
నీకోసం యాభై షిల్లింగులు ఉచితం."
ఆ వేళప్పుడు వాణ్ణి పేరుపెట్టి పిలిచేది
లోకంలో అదొక్కటే.
నేను మేలుకుని ఉండి కూడా పిలవలేదు ఇన్నాళ్ళూ.

ఇవాళ పొద్దున నాతో వచ్చి చేపలు తిరగేశాడు.
ఎండెక్కాక పడవ నీడలో చాప మీద పడి నిద్రపోయాడు.
నిద్రలోనే కుడిచేతి బొటనవేలు
చాప అంచుని పైకి తోస్తోంది,
మళ్ళీ పైకి,
మళ్ళీ.

అకేయో చూసింది. బడిసంచీ పక్కన పడేసి
ఆ వేలిని గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.
గుప్పిట లోపల కూడా కాసేపు కదిలింది.
మబ్బు పడుతోంది. నేను లేచి
ఎండీ ఎండని చేపల్ని గబగబా ఎత్తసాగాను.